ఘాట్‌లో కొట్టే అంబాసిడర్: రెండు షెడ్లు, రెండు టైమింగులు, తెగిన ఒక స్ప్రింగు

ఈ బండి నా షెడ్డుకి వచ్చి కొన్నేళ్లయింది. యజమాని ఊరు, ఉద్యోగం, బండి నంబరు ఇక్కడ రాయడం లేదు. కొలతలు మాత్రం అప్పుడు నోటుబుక్కులో రాసుకున్నవి రాసుకున్నట్టే ఇస్తున్నాను. పాయింట్లతో నడిచే పాత పెట్రోల్ బండ్ల మీద ఇంకా పనిచేసే కుర్రాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

బండి, దారి

మా షెడ్డు కోరాపుట్ జిల్లాలో ఉంది. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా జయపురం పోయే రోడ్డు అది. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 26. సాలూరు దాటితే కొండ మొదలు. లారీల ఊరు కాబట్టి అక్కడ మెకానిక్కులకి కొదవ లేదు, మంచి చేతులున్నవాళ్లు. ఘాట్ ఎక్కాక సెమిలిగుడ, కోరాపుట్ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడి తెలుగువాళ్లం సాలూరు, బొబ్బిలి, విజయనగరం అన్నిటినీ కలిపి ‘కింద’ అంటాం, మా వైపుని ‘పైన’ అంటాం. ఈ కేసులో ఆ రెండు మాటలూ పదే పదే వస్తాయి.

బండి 1980ల నాటి అంబాసిడర్, మార్క్ 4. బీఎంసీ 1489 సీసీ పెట్రోల్ ఇంజిను, పాయింట్లూ కండెన్సరూ ఉన్న డిస్ట్రిబ్యూటరు, అంటే పాయింట్లు విడిన క్షణాన ఒక్కో ప్లగ్గుకి నిప్పు పంపే భాగం. మేం డెల్కో అంటాం. 2014లో ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక ఈ బండ్లకి సామాను సెకండ్ హ్యాండులోనే ఎక్కువ దొరుకుతోంది. ఈ బండి డెల్కో కూడా ఎప్పుడో ఒకసారి మార్చిందే. యజమాని రిటైరైన పెద్దమనిషి, బండి వాళ్ల నాన్నగారిది. కూతురు కింద ఉంటుంది కాబట్టి నెలకోసారి ఘాట్ దిగి ఎక్కుతారు. అమ్మేద్దామన్న మాట ఇంట్లో ఎవరైనా ఎత్తితే ఆయనకి కోపం వస్తుంది.

ఆయన చెప్పింది

“ఏటి బాబూ, ఈ బండికి కింద నీళ్లు పడవో, పైన గాలి పడదో తెలీటం లేదు,” అని మొదలుపెట్టారు. రెండేళ్లలో కింద ఒక షెడ్డులో, పైన ఒక షెడ్డులో మార్చి మార్చి చూపించారట. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, కాయిల్, కండెన్సర్ కొత్తవి. కార్బ్యురేటర్ విప్పి కడిగారు. రేడియేటర్ శుభ్రం చేయించారు. ఒకసారి హెడ్ దింపి కార్బన్ కూడా గీకించారు.

కింద చేయించిన ప్రతిసారీ ఘాట్‌లో ఇంజిను కొట్టదు, అంటే నాకింగ్ చప్పుడు రాదు, కానీ ఎక్కదు. రెండో గేరులో ఏడుస్తూ వస్తుంది. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. పొద్దున్న సెల్ఫ్ చాలాసేపు తిప్పాలి. గేటు దగ్గరో సంత దగ్గరో ఆగితే, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే స్లోలో, ఉన్నట్టుండి ఆగిపోతుంది. పైన చేయించినప్పుడు ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటుంది, చదును రోడ్డు మీద పరిగెడుతుంది. కానీ ఘాట్‌లో మూడో గేరులో తొక్కితే సీసాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు.

టైమింగ్ అంటే పిస్టన్ పైకంటా చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గులో నిప్పు పడుతుందన్నది. ముందుకి జరిపితే అడ్వాన్స్, వెనక్కి జరిపితే రిటార్డ్. కింది షెడ్డు మెకానిక్ మాట: “పైవాళ్లు అడ్వాన్స్ ఎక్కువ పెట్టేశారు.” పై షెడ్డు మెకానిక్ మాట: “కిందివాళ్లు రిటార్డ్ చేసేశారు. మన ఎత్తుకి అడ్వాన్స్ కావాలి.”

ఈ రెండో మాటలో నిజం ఉంది. ఎత్తుకి పోతే గాలి పలచబడుతుంది, సిలిండర్‌లోకి వెళ్లే చార్జి (పెట్రోలు, గాలి మిశ్రమం) తగ్గుతుంది, మంట కాస్త నెమ్మదిగా పాకుతుంది, కొట్టే గుణం కూడా తగ్గుతుంది. కాబట్టి పైన ఒకటి రెండు డిగ్రీలు ముందుకి జరిపినా ఇంజిను ఓర్చుకుంటుంది. నేను కూడా ఆ మాటతోనే తృప్తిపడ్డాను. ఎత్తు తేడా ఒకటి రెండు డిగ్రీలకి జవాబు చెబుతుంది గానీ ఒకే బండిని రెండు వేర్వేరు బండ్లలా మార్చేయదు కదా అన్న ప్రశ్న ఆ రోజు నాకు రాలేదు.

మొదటిసారి నేను చేసిన పని

ముందు పాయింట్లు చూశాను. ఒక వైపు గుంట, ఇంకో వైపు బుడిపె, గ్యాప్ 0.5 మిల్లీమీటర్లు. సాఫు చేసి 0.4కి తెచ్చాను. టైమింగ్‌కి ముందే పాయింట్లు ఎందుకంటే, గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా విడిపోయి టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది, తగ్గితే రిటార్డ్ అవుతుంది. టైమింగ్ పెట్టేసి తర్వాత పాయింట్లు ముట్టుకుంటే పెట్టినదంతా వృథా.

క్యాప్‌లో పగుళ్లు లేవు, రోటర్ బాగుంది. ఇంజిన్ పీల్పుతో టైమింగ్‌ని జరిపే వాక్యూమ్ గొట్టం నోటితో పీల్చి చూశాను. లోపలి పళ్లెం కదిలింది, పీల్చి పట్టుకుంటే కదలకుండా నిలబడింది, అంటే లోపలి పొర (డయాఫ్రమ్) చిరగలేదు. రోటర్‌ని వేలితో అది తిరిగే దిశలో తిప్పి వదిలాను. వెనక్కి వచ్చింది. లోపలి బరువులు (వేగం పెరిగేకొద్దీ విచ్చుకుని టైమింగ్‌ని ముందుకి జరిపేవి) పనిచేస్తున్నాయని అనుకున్నాను. మొదట్లో కాస్త వదులుగా కదిలినట్టు వేలికి తెలిసింది గానీ, పాత డెల్కో కదా, కింద డ్రైవ్ దగ్గర అరుగుదల అనుకుని వదిలేశాను. కేసు మొత్తానికి జవాబు ఆ వదులులోనే ఉంది.

తర్వాత స్టాటిక్ టైమింగ్, అంటే ఇంజిన్ ఆపి పెట్టే టైమింగ్. ప్లగ్గులు తీసి, ఒకటో సిలిండర్ రంధ్రం మీద వేలు పెట్టి, హ్యాండిల్‌తో తిప్పుతూ కంప్రెషన్ పట్టుకున్నాను. డెల్కో పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కీ బాడీకీ మధ్య 12 వోల్టుల బల్బు కట్టి, కీ ఆన్ చేసి, ఇంజిన్‌ని నెమ్మదిగా తిప్పాలి. పాయింట్లు విడిన క్షణం బల్బు వెలుగుతుంది. ఎప్పుడూ ముందు దిశలోనే తిప్పాలి. దాటిపోతే బాగా వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకి రావాలి, లేకపోతే చెయిన్‌లో, గేర్లలో ఉన్న వదులు కొలతలో కలిసిపోతుంది. ఈ ఇంజిన్‌కి ముందు క్రాంకు పుల్లీ మీద గుర్తుగా ఒక గాడి, దాని ఎదురుగా టైమింగ్ కవర్ మీద మూడు ముళ్లుంటాయి. పొడుగుది టీడీసీ, అంటే పిస్టన్ పైకంటా చేరే చోటు. మిగతావి దానికి 5, 10 డిగ్రీలు ముందు. నేను 5 దగ్గర బల్బు వెలిగేలా పెట్టి బిగించాను.

సెల్ఫ్ ముట్టుకోగానే అందుకుంది. సునాబేడ వైపు చదును రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు తిప్పాను. చక్కగా ఉంది. మా కుర్రాడు పక్క సీట్లోంచి ఒడియాలో “ఠిక్ అఛి”, బాగుంది, అన్నాడు. బండి ఇచ్చేశాను. ఇప్పుడు చూసుకుంటే, పై షెడ్డు అతను రెండేళ్లుగా చేస్తున్న పనినే నేనూ చేశాను. బాధ వచ్చేది ఘాట్‌లో, నేను పరీక్ష చేసింది చదునులో.

పనిచేయని మందులు

ఎనిమిది రోజులకి పొట్టంగి నుంచి ఫోను. దారి పక్కన బండి ఆపి మాట్లాడుతున్నారు. “అదే చప్పుడు, బాబూ.” ఇంజిన్ చల్లారనిచ్చి, రెండో గేరులో మెల్లగా తెమ్మన్నాను.

మొదటి అనుమానం పెట్రోల్ మీద. అప్పట్లో మామూలుది 91 ఆక్టేన్. ట్యాంకు దాదాపు ఖాళీ చేయించి 95 ఆక్టేన్ పోయించి నేనే సుంకి దాకా దించి ఎక్కించాను. చప్పుడు కొంచెం సన్నబడింది, పోలేదు. ఆక్టేన్‌కి కొంత లొంగింది కాబట్టి అది నిజంగా నాకింగే (మంట చేరకముందే మిగిలిన చార్జి తనంతట అంటుకుని కొట్టే చప్పుడు), ట్యాపెట్ చప్పుడో బేరింగ్ చప్పుడో కాదు అని మాత్రం తేలింది. ఆ ఖర్చుకి దక్కిన ఫలితం అంతే, కానీ అవసరమైన ఫలితమే.

రెండోది రాజీ. 5 నుంచి 2కి తగ్గించాను. ఘాట్‌లో చప్పుడు సగమైంది. బదులుగా ఇంజిన్ వేడెక్కడం మొదలైంది, లాగుడు తగ్గింది. టైమింగ్ వెనక్కి పోతే వేడెందుకు పెరుగుతుందో చెప్పాలి. ప్లగ్గు దగ్గర నిప్పు పడ్డాక మంట సిలిండరంతా పాకడానికి కొంత సమయం పడుతుంది. పిస్టన్ పైన ఉన్నప్పుడే ఒత్తిడి పుడితే అది తోపుడుగా మారుతుంది. ఆలస్యమైతే పిస్టన్ దిగిపోతుంటే దాని వెనక మంట పరిగెడుతుంది. తోపుడుగా మారని ఆ వేడి సిలిండర్ గోడలకీ, ఎగ్జాస్ట్ వాల్వులకీ, సైలెన్సర్‌కీ పోతుంది. అందుకే రిటార్డ్ చేసిన బండి కొట్టదు, కానీ ఉడుకుతుంది. రేడియేటర్ కడిగినా ఫలితం లేకపోవడానికి కారణం అదే.

మూడోది నేను చేసిన అసలైన తప్పు. స్లోలో ఆగిపోతోందని కార్బ్యురేటర్ స్క్రూ తిప్పి 700 దగ్గరున్న స్లోని 1000 ఆర్‌పీఎంకి పెంచాను. ఆగడం తగ్గింది, ఆయన సంతోషించారు. కానీ అలా పెంచి ఒక లక్షణాన్ని కప్పేశాను. స్లో అలా ఎందుకు ఊగుతోందో అప్పుడే ఆలోచించి ఉంటే ఇంకో రెండు వారాలు మిగిలేవి.

రెండు కొలతలు కలవలేదు

మూడోసారి బండి వచ్చినప్పుడు ఒక పూటంతా వేరే పని పెట్టుకోలేదు. కింద చేస్తే ఏమవుతుంది, పైన చేస్తే ఏమవుతుంది అన్నవి రెండు వరుసల్లో రాసుకున్నాను. కొట్టడం, ఎక్కకపోవడం, వేడి, స్టార్టింగు, స్లో, అన్నీ. చూస్తే కింది వరుస మొత్తం రిటార్డ్ లక్షణాలు, పై వరుస మొత్తం అడ్వాన్స్ లక్షణాలు. ఇద్దరూ అనుభవం ఉన్న మెకానిక్కులే. ఇద్దరికిద్దరూ ప్రతిసారీ తప్పు పెడతారా? ఫోన్ చేసి అడిగాను. కిందాయన స్లోలో టైమింగ్ లైటు (ప్లగ్గులో నిప్పు పడ్డప్పుడల్లా మెరిసే దీపం) కొట్టి 6 డిగ్రీలు పెడతారట. పైనాయన నాలాగే బల్బుతో, ఇంజిన్ ఆపి, 5 పెడతారట. ఇద్దరి అంకెలూ సరైనవే. అంటే ఇద్దరూ దాదాపు ఒకే అంకె పెడుతున్నా బండి రెండు రకాలుగా నడుస్తోంది.

అప్పుడు మొదటిసారి ఈ బండి మీద లైటు పట్టాను. బల్బుతో నేను పెట్టి వదిలింది 2 డిగ్రీలు. వాక్యూమ్ గొట్టం తీసి మూసి, 1000 ఆర్‌పీఎంలో లైటు కొడితే గుర్తు 10 ముల్లునీ దాటి ముందుకి పోయింది.

నాకొచ్చిన మొదటి ఆలోచన, లైటు పాడైందని. షెడ్డులో ఉన్న ఒక పాత పెట్రోల్ జీపు మీద అదే లైటు పట్టాను, అక్కడ సరిగ్గానే చూపించింది. రెండో ఆలోచన, పుల్లీ మీద గుర్తే తప్పేమో. దీన్ని తేల్చడానికి నిజమైన టీడీసీ వెతకాలి. ఒక పాత ప్లగ్గు లోపలి పింగాణీ తీసేసి, మధ్యలోంచి గుండ్రటి మొన ఉన్న బోల్టు దింపి, ఒకటో సిలిండర్‌లో బిగించాను. ప్లగ్గులన్నీ తీసి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పితే పిస్టన్ వచ్చి బోల్టుకి ఆనుతుంది. అక్కడ టీడీసీ ముల్లుకి ఎదురుగా పుల్లీ మీద సుద్దతో గీత. తర్వాత వెనక్కి తిప్పి అటువైపు ఆనేచోట ఇంకో గీత. రెండు గీతలకీ సరిగ్గా మధ్యది నిజమైన టీడీసీ. బలం పెట్టకూడదు, పిస్టన్ తల దెబ్బతింటుంది. మధ్య బిందువు పుల్లీ మీదున్న గాడితో కలిసింది. గుర్తు అబద్ధం చెప్పడం లేదు.

లైటూ నిజం, బల్బూ నిజం, గుర్తూ నిజం. మరి ఆ తేడా ఎక్కడిది? ఇంజిన్ ఆగి ఉండటానికీ 1000లో తిరగడానికీ మధ్య డెల్కోలో మారేది ఒక్కటే, లోపలి బరువులు. వాక్యూమ్ గొట్టం ముందే తీసేశాను.

ముళ్లు 10 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి కాబట్టి పుల్లీ మీద కొత్త గుర్తులు కావాలి. పుల్లీ వ్యాసం 130 మిల్లీమీటర్లు. చుట్టుకొలత 408. దాన్ని 360తో భాగిస్తే డిగ్రీకి 1.13 మిల్లీమీటర్లు. అంటే 10 డిగ్రీలకి 11.3, 20కి 22.7, 30కి 34. సన్న కాగితం పట్టీ మీద ఈ కొలతలు గీసుకుని, పుల్లీకి చుట్టి, గాడి నుంచి అది తిరిగే దిశలో ముందువైపుకి తెల్ల రంగుతో గుర్తులు పెట్టాను. ఇక టీడీసీ ముల్లు ఒక్కటి చూస్తే చాలు. కుర్రాడు యాక్సిలరేటర్ దగ్గర, నేను లైటుతో. 1000లో 15 డిగ్రీలు. 1500లో 18. 2000లో 20. 2500లో 21. 3000లో 22, ఆపైన పెరగలేదు.

ఈ అంకెల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. స్టాటిక్ 2, చివర 22. అంటే బరువులు మొత్తం మీద ఇచ్చేది 20. అది మామూలే. తప్పు చివర్లో లేదు, మొదట్లోనూ లేదు, దారిలో ఉంది. 1000కి నాలుగైదు డిగ్రీలు రావలసిన చోట 13 వచ్చేసింది. ఇంజిన్ తిరుగుడు అందుకోగానే మూడింట రెండు వంతుల అడ్వాన్స్ అయిపోయింది. 1000 ఆర్‌పీఎంలో క్రాంకు ఒక మిల్లీసెకనుకి 6 డిగ్రీలు తిరుగుతుంది, 3000లో 18. మంట పాకే సమయం అంతగా మారదు కాబట్టి వేగం పెరిగేకొద్దీ నిప్పు ముందుగా పడాలి. బరువులున్నది అందుకే. నెమ్మదిగా తిరిగేటప్పుడే అంత ముందుగా పడితే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సిలిండర్ నిండా చార్జి ఉన్నప్పుడు, ఇంజిన్ కొట్టక ఏం చేస్తుంది! సుంకి ఘాట్‌లో మూడో గేరులో జరిగేది సరిగ్గా అదే.

పాత చిక్కులన్నీ వరసగా విడిపోయాయి. కిందాయన స్లోలో లైటు చూసి 6 పెట్టినప్పుడు ఆ 6లో 13 బరువులవే. అసలు స్టాటిక్ టీడీసీ దాటాక 7 డిగ్రీలు. సెల్ఫ్ తిప్పేటప్పుడు నిప్పు అంత ఆలస్యంగా పడితే స్టార్టింగ్ కష్టమే. 3000లో మొత్తం 13 మాత్రమే, కాబట్టి కొట్టదు, ఎక్కదు, ఉడుకుతుంది. పైనాయన, నేను బల్బుతో 5 పెడితే స్టార్టింగ్ బాగుంటుంది, 3000లో 25 వస్తుంది, చదును రోడ్డు మీద పరిగెడుతుంది. కానీ 1500లో 14 ఉండాల్సింది 21 ఉంటుంది. స్లోలో ఆగిపోవడానికీ ఇదే కారణం. లైట్లు వేస్తేనో క్లచ్ తొక్కితేనో స్లో కొంచెం పడుతుంది, బరువులు లోపలికి పడిపోతాయి, టైమింగ్ ఒక్కసారిగా వెనక్కి జారుతుంది, దాంతో స్లో ఇంకా పడుతుంది, ఇంజిన్ ఆగుతుంది.

విప్పి చూస్తే

డెల్కో దించి పాయింట్ల పళ్లెం తీశాను. ఈ రకం డెల్కోలో బరువులు రెండు, స్ప్రింగులు రెండు. స్ప్రింగులు ఒకేలా ఉండవు. సన్నది మొదటి నుంచీ బిగువుగా ఉండి తక్కువ వేగంలో బరువుల్ని ఆపుతుంది. లావుది చివర వదులు కొక్కెంతో ఉంటుంది, బరువులు కొంతదూరం విచ్చుకున్నాకే పని అందుకుంటుంది. ఈ డెల్కోలో సన్న స్ప్రింగు కొక్కెం దగ్గర తెగిపోయి ఉంది, ముక్క ఇంకా గుంజకి వేలాడుతోంది. లావు స్ప్రింగు అందుకునేదాకా బరువులకి అడ్డే లేదు. మొదటి రోజు నా వేలికి తెలిసిన వదులు ఇదే. చివరిదాకా తిప్పి వదిలితే లావు స్ప్రింగు వెనక్కి లాగింది, నేను దాన్ని చూసి బాగుందనుకున్నాను.

క్యామ్ అడుగున 10 అంకె పొడిచి ఉంది. అది డెల్కో డిగ్రీల్లో గరిష్ఠ అడ్వాన్స్. డెల్కో క్రాంకులో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి క్రాంకు దగ్గర 20. నేను కొలిచిన 20 దీనితో కలిసింది. ఇంజిన్ బయటినుంచి లెక్కగట్టింది లోహం మీద రాసి ఉండటం చూస్తే ఆ రోజు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

స్ప్రింగు విడిగా దొరకలేదు. ఒక పాత డెల్కోలోంచి రెండు స్ప్రింగుల్నీ తెచ్చి వేశాను, జత కాబట్టి సరిపోతుందన్న ధీమాతో. స్టాటిక్ 5 పెట్టి కొలిస్తే 1500లో 8, 2000లో 12, 3000లో 21. ఆ జత ఇంకేదో ఇంజిన్‌ది. ఘాట్‌లో కొట్టకపోవచ్చు, కానీ నడుమ వేగంలో మొద్దుగా ఉంటుంది. కొలవకుండా ఇచ్చేసి ఉంటే ఆయన ‘చప్పుడు పోయింది’ అని సంతోషించేవారు, బండి మాత్రం ఇంకో రకంగా తప్పుగా నడిచేది. తీసేశాను.

తర్వాత సాలూరు పాత సామాన్లలో తీగ మందం, చుట్ల సంఖ్య తెగిన ముక్కతో కలిసే స్ప్రింగు ఒకటి దొరికింది. బరువులు, గుంజలు కిరసనాయిలుతో కడిగి, గట్టిపడ్డ పాత గ్రీజు తీసి, పలచటి నూనె రాశాను. రోటర్ కింద స్క్రూ దగ్గర రెండు చుక్కలు. పాయింట్ల మీద నూనె పడకూడదు. షాఫ్టు పక్కకి ఊగుతోందేమో కూడా చూశాను. బుష్ అరిగి ఉంటే ఎన్ని స్ప్రింగులు మార్చినా టైమింగ్ నిలకడగా ఉండదు. బాగానే ఉంది. స్లో తిరిగి 700కి దించాను. స్టాటిక్ 5తో కొలిస్తే 700లో 7, 1000లో 9, 1500లో 14, 2000లో 19, 2500లో 23, 3000లో 25. బల్బుకీ స్లోలో లైటుకీ మధ్య తేడా 2 డిగ్రీలే.

ఈసారి చదునులో తిప్పలేదు. యజమానితో సహా నలుగురం ఎక్కి, డిక్కీలో సామాను వేసుకుని, మామూలు 91 పెట్రోల్‌తో సాలూరు దిగి తిరిగి ఎక్కాం. టెంపరేచర్ ముల్లు మామూలు చోటే ఉంది. ఒకే ఒక వంపులో మూడో గేరులోనే కావాలని తొక్కి పట్టుకుంటే రెండు సెకన్లు సన్నగా వినిపించింది. రెండో గేరుకి దిగితే లేదు. ఆయన “ఇంతమాత్రానికి ఏమవుద్ది, వదిలీ” అన్నారు. నేను వదల్లేదు. నాకింగ్ పిస్టన్ మీద రింగులు కూర్చునే గాడుల అంచుల్ని విరగ్గొడుతుంది, హెడ్ గాస్కెట్‌ని తినేస్తుంది. డ్రైవరుకి వినిపించేది కొంతే. షెడ్డుకి వచ్చి ఒక్క డిగ్రీ వెనక్కి తెచ్చి 4 దగ్గర బిగించాను. మళ్లీ ఘాట్‌కి పోయాం. అదే వంపు, అదే గేరు, చప్పుడు లేదు.

ఇప్పుడు నా పని ఎలా మారింది

రోటర్ తిప్పి చూసేటప్పుడు వెనక్కి వచ్చిందా అన్నదే చూడను. మొదటి వెంట్రుకవాసి కదలిక నుంచే వేలికి స్ప్రింగు తగలాలి. వదులుగా మొదలైతే పళ్లెం విప్పుతాను. వేలితో ఆ పరీక్ష పది సెకన్ల పని.

పాయింట్ల బండి ఏది వచ్చినా బల్బుతో ఒకసారి, లైటుతో స్లోలో, 1500లో, 3000లో కొలుస్తాను. బల్బు మొదలు మాత్రమే చూపిస్తుంది, 3000 చివర మాత్రమే. ఈ బండిలో ఆ రెండూ నిక్షేపంగా ఉన్నాయి. రోగం 1500లో ఉంది. రెండు పద్ధతులు వేరే అంకెలు చెబితే నచ్చిన అంకె పట్టుకుని రెండోదాన్ని పక్కన పెట్టకూడదు. ఆ తేడా ఎన్ని డిగ్రీలో రాసుకుని, అది ఎక్కడ పుడుతోందో వెతకాలి. స్లో పెంచడం, టైమింగ్ తగ్గించడం అనే రెండు మందుల్నీ కారణం దొరికేదాకా ముట్టుకోను.

ఇంకొకటి. యజమాని మొదటి రోజే రెండు షెడ్ల కథా విడివిడిగా చెప్పారు. స్టార్టింగ్ ఎప్పుడు బాగుంటుందో, ఎప్పుడు కష్టమో కూడా చెప్పారు. నేను కొట్టడం ఒక్కటే విన్నాను. ఇప్పుడు పాత రిపేరుల్లో ఒక్కొక్కదాని తర్వాత బండి ఎలా నడిచిందో అడిగి తారీఖుతో రాసుకుంటాను.

కింది షెడ్డాయనకీ పై షెడ్డాయనకీ ఫోన్ చేసి తెగిన స్ప్రింగు సంగతి చెప్పాను. వాళ్లు చెప్పిన అంకెలు లేకపోతే నాకు ఈ దారి దొరికేది కాదు, ఆ మాట కూడా చెప్పాను. కిందాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత “1500లో మీకెంత వచ్చింది, అన్నా?” అని అడిగి రాసుకున్నారు.

బోనెట్ లోపల ఒక చీటీ అతికించాను: స్టాటిక్ 4, 700లో 6, 1500లో 13, 3000లో 24, వాక్యూమ్ గొట్టం తీసి. ఏడాదిన్నర తర్వాత ఆయన పాయింట్లు మార్పించుకోవడానికి వచ్చారు. గ్యాప్ పెట్టి, స్టాటిక్ 4కి సరిచూసి, కుర్రాణ్ణి యాక్సిలరేటర్ దగ్గర కూర్చోబెట్టి 1500లో లైటు పట్టాను. చీటీ మీద 13 ఉంది. పుల్లీ మీద 13 కనిపించింది.